మీకు తెలుసా? నుదురు పగిలితే పొట్ట మీద కుట్లు!

'నాకు సైనస్ ఉంది' అంటుంటాం, అదేదో జబ్బు పేరైనట్టు. నిజానికి సైనస్ అంటే ఎముకలో ఉండే గాలి గది. కనుబొమల పైన ఉండేది ఫ్రంటల్ సైనస్. పుట్టినప్పుడు ఇది ఉండదు. మెల్లగా పెరిగి, ఇరవై ఏళ్లు వచ్చేసరికి పూర్తవుతుంది. కొందరిలో అసలే ఏర్పడదు.

దీని ముందు గోడ ముఖం ఎముకలన్నిటిలోకీ గట్టిది. అది విరగాలంటే సుమారు 360 కిలోల బరువు మీద పడ్డంత దెబ్బ తగలాలి. అందుకే ఇలాంటి కేసులు ఎక్కువగా రోడ్డు ప్రమాదాల నుంచే వస్తాయి. వెనక గోడ మాత్రం కొన్నిచోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని అవతలే మెదడు పొరలు. సీటీ స్కాన్‌లో డాక్టరు ముందుగా చూసేది ఏ గోడ పగిలిందన్నదే.

ముందు గోడ చిట్లినా ఎముక కదలకపోతే ఆపరేషనే అక్కర్లేదు. సొట్ట పడితే ముక్కలను పైకి లేపి సన్నని టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. మచ్చ కనబడకుండా ఈ చెవి నుంచి ఆ చెవి దాకా జుట్టులోనే గాటు పెట్టి, నుదుటి చర్మాన్ని కిందికి మడుస్తారు.

అసలు చిక్కు ఎముకతో కాదు, గది లోపలి పల్చటి పొరతో. అందులో ఊరే చీమిడి సన్నని దారిగుండా ముక్కులోకి దిగుతుంది. ఆ దారి నలిగి మూసుకుపోతే లోపలి ద్రవానికి బయటికి తోవ ఉండదు. అది తిత్తిలా ఉబ్బి, ఏళ్ల తరబడి ఎముకను తినేస్తూ కంటిని సైతం పక్కకు నెట్టగలదు. దీన్ని మ్యూకోసెల్ అంటారు. ఈ పొర ఎముకలోని సూదిమొనంత సిరల రంధ్రాల్లోకీ చొరబడి ఉంటుంది. అందుకే దారి దెబ్బతిన్నప్పుడు, ఆ పొర ఎక్కడా మిగలకుండా సర్జన్ వజ్రపు పొడి అద్దిన డ్రిల్లుతో గోడలన్నీ అరగదీస్తాడు. ఎంత ఓపిక కావాలో! ఆపైన దారి మూసేసి, రోగి పొట్ట నుంచి తీసిన కొవ్వును గదిలో నింపుతాడు. పొట్ట మీద కుట్లు అందుకే.

వెనక గోడ నుజ్జయితే? దాన్ని పూర్తిగా తీసేస్తారు. గది పుర్రెలో కలిసిపోతుంది, మెదడు మెల్లగా ముందుకు జరిగి ఆ చోటు నింపుకుంటుంది. ఈ పద్ధతిని 1978లో డొనాల్డ్, బెర్న్‌స్టైన్ అనే వైద్యులు వివరించారు. అంతకు 80 ఏళ్ల ముందు, 1898లో, రీడెల్ అనే సర్జన్ చీము పట్టిన సైనస్‌కు ముందు గోడనే తీసేశాడు. చీము పోయేది, కానీ నుదురు జన్మంతా గుంటపడి ఉండేది.

తలకు దెబ్బ తగిలాక వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారితే జలుబనుకుని చీదకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష దాన్ని పట్టిస్తుంది.

ఆపరేషన్ అయిన పదేళ్లకూ మ్యూకోసెల్ బయటపడవచ్చు. అందుకే పాత స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు పారేయకండి.