పదమూడు జట్లు మారిన పిచర్

క్రికెట్ గురించి మన పాఠకులకు మేం కొత్తగా చెప్పేదేమీ లేదు. హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా ఆదివారం పూట మైదానం ఖాళీగా ఉండదు. బేస్‌బాల్ సంగతి వేరు. పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లలో తప్ప దాని ఊసు తక్కువే. ఆ ఆటలో రిలీఫ్ పిచర్ అనే ఉద్యోగం ఒకటి ఉంది. ఆ ఉద్యోగంలో డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన ఆక్టావియో డోటెల్ 15 సీజన్లలో 13 జట్లకు ఆడాడు. ఇన్ని జట్లు మారాడంటే ఎక్కడా పనికిరాక పంపేసి ఉంటారని మనకు తోస్తుంది. కానీ ఆయన కథ చూస్తే, పనికొస్తాడు కాబట్టే అన్నిసార్లు చేతులు మారాడని అర్థమవుతుంది.

ముందు ఆట సంగతి చూద్దాం. పిచర్ అంటే మన బౌలర్. ఆటలో 9 ఇన్నింగ్‌లు. ప్రతి ఇన్నింగ్‌లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి, ముగ్గురు అవుటైతే వంతు అయిపోతుంది. ఓవర్ల లెక్క లేదు కాబట్టి, మొదలుపెట్టిన పిచరే వేస్తూ పోతాడు. అయిదారు ఇన్నింగ్‌లయ్యేసరికి అతని చేయి అలసిపోతుంది, బ్యాటర్లకు అతని బంతులు అలవాటవుతాయి. అప్పుడు బుల్‌పెన్ అనే చోట సిద్ధంగా ఉన్న మరొకరిని పిలుస్తారు. ఆయనే రిలీఫ్ పిచర్. దిగిపోయిన పిచర్ ఆ రోజు మళ్లీ బంతి పట్టడానికి లేదు. రిలీఫ్ పిచర్ సాధారణంగా ఒక ఇన్నింగ్ వేస్తాడు. 2020లో నిబంధన మారేవరకు ఒక్క బ్యాటర్‌కు వేసి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఆఖరి ఇన్నింగ్‌లో ఆధిక్యాన్ని నిలబెట్టేవాడిని క్లోజర్ అంటారు. మన డెత్ ఓవర్ల బౌలర్‌కు అన్న అనుకోండి. అలా నిలబెట్టిన ఆటను అతని పేరిట 'సేవ్'గా రాస్తారు.

డోటెల్ 1973లో శాంటో డొమింగోలో పుట్టాడు. మన గల్లీల్లో క్రికెట్ ఎలాగో అక్కడ బేస్‌బాల్ అలాగ. 1993లో న్యూయార్క్ మెట్స్ తీసుకుంటే, కింది స్థాయి లీగుల్లో ఆరేళ్లు గడిపి 1999 జూన్‌లో పెద్ద లీగులోకి వచ్చాడు. ఆ అక్టోబరు 17న అట్లాంటాతో ప్లేఆఫ్ ఆట 15 ఇన్నింగ్‌ల దాకా సాగింది. చివర్లో బంతి పట్టిన డోటెల్ పేరిటే ఆ విజయం రాశారు. మూడు నెలలు తిరగకుండా మెట్స్ ఆయన్ని హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ఇచ్చేసి, బదులుగా మైక్ హాంప్టన్ అనే పేరున్న పిచర్‌ను తెచ్చుకుంది.

హ్యూస్టన్‌లోనే డోటెల్ అసలు రూపం తేలింది. ఆట మొదలుపెట్టే పిచర్‌గా అంతంతమాత్రమే. ఒక్క ఇన్నింగ్‌లో తన వేగమంతా ఖర్చుపెట్టమంటే మాత్రం ఎదురులేదు. 2002లో 83 ఆటల్లో దిగాడు. 9 ఇన్నింగ్‌లకు సగటున ఎన్ని పరుగులిచ్చాడన్నదే పిచర్‌కు కొలబద్ద. ఆ ఏడాది ఆయన లెక్క 1.85. అది చాలా గొప్ప అంకె.

2003 జూన్ 11 నాటి ఆట గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. యాంకీ స్టేడియంలో హ్యూస్టన్ మొదటి పిచర్ రాయ్ ఆస్వాల్ట్ రెండో ఇన్నింగ్‌లోనే గాయపడి వెళ్లిపోయాడు. తర్వాత అయిదుగురు రిలీఫ్ పిచర్లు వంతులవారీగా వచ్చి, ఆట ముగిసేదాకా యాంకీస్‌కు ఒక్క హిట్ కూడా దక్కనివ్వలేదు. యాంకీస్‌కు అలాంటి పరాభవం 1958 తర్వాత అదే. ఎనిమిదో ఇన్నింగ్ డోటెల్‌ది. అందులో ఆయన నాలుగు స్ట్రైకౌట్లు చేశాడు. ముగ్గురు అవుటైతే వంతు ముగిసే ఆటలో నాలుగెలా వచ్చాయి? మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్. అయితే మూడో స్ట్రైక్ బంతి క్యాచర్ చేజారితే, కొన్ని పరిస్థితుల్లో బ్యాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తి బతికిపోవచ్చు. స్ట్రైకౌట్ మాత్రం పిచర్ లెక్కలో ఉండిపోతుంది. మనకైతే బౌల్డయినవాడు పరుగెత్తి ప్రాణం దక్కించుకున్నట్టు!

2004 జూన్‌లో మూడు జట్ల మధ్య జరిగిన మార్పిడిలో ఓక్లాండ్ చేరాడు. ఆ ఏడాది రెండు జట్లకూ కలిపి 36 సేవ్‌లు. మరుసటి ఏడాదే మోచేతి లిగమెంట్ దెబ్బతిని శస్త్రచికిత్స అయింది. 2006లో యాంకీస్ తరఫున తిరిగొచ్చేసరికి ఆయన వయసు 32. పెద్ద పిచర్లకిచ్చే దీర్ఘకాల ఒప్పందాలు అలాంటివాడికి ఎవరూ ఇవ్వరు. అయినా వేగం పూర్తిగా పోలేదు. తిరుగుడు అక్కడ మొదలైంది.

ఇది ఎలా నడుస్తుందంటే, ఆ రోజుల్లో ఆటగాళ్ల మార్పిడికి జూలై 31 గడువు. టైటిల్ ఆశ ఉన్న జట్లకు అప్పుడు కావలసింది తక్షణం పనికొచ్చే ఒక అనుభవజ్ఞుడైన చేయి. ఆశ లేని జట్టు, సీజన్ చివర ఎలాగూ వెళ్లిపోయేవాడిని ఇచ్చి కుర్రాళ్లను తెచ్చుకుంటుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం అన్నమాట. 2007లో కాన్సస్ సిటీ సరిగ్గా ఆ గడువు రోజునే డోటెల్‌ను అట్లాంటాకు పంపింది. 2010లో పిట్స్‌బర్గ్‌తో సీజన్ మొదలుపెట్టాడు. జూలై 31న లాస్ ఏంజెలెస్, సెప్టెంబరులో కొలరాడో. ఒక్క ఏడాదిలో మూడు ఊళ్లు, మూడు యూనిఫారాలు.

ఇందులో ఆటగాడి ఇష్టాన్ని అడిగేవాళ్లుండరు. లీగులో పదేళ్లు ఆడి, వాటిలో చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఉన్నవారికి మాత్రం మార్పిడిని కాదనే హక్కు ఉంది. డోటెల్ అత్యధిక కాలం ఉన్న హ్యూస్టన్‌లోనే అయిదేళ్లు నిండలేదు. ఎక్కువగా తిప్పబడేవాడికే ఆ రక్షణ అందదు. నిబంధన రాసినవాళ్లు దీన్ని ఆలోచించారో లేదో గాని, మాకైతే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

అన్ని బదిలీల్లోనూ ఒక్కటి మాత్రం అదృష్టం తెచ్చింది. 2011 జూలై 27న టొరంటో జట్టు ఆయన్ని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు ఇచ్చింది. ఆగస్టు చివర్లో ఆ జట్టు ప్లేఆఫ్ స్థానానికి 10 ఆటల పైనే వెనుకబడి ఉండి, సీజన్ ఆఖరి రోజున చోటు దక్కించుకుంది. తర్వాత మిల్వాకీతో జరిగిన సిరీస్‌లో మొదటి పిచర్ల కన్నా రిలీఫ్ పిచర్లే ఎక్కువ ఇన్నింగ్‌లు వేశారు. చివరికి టెక్సాస్‌ను ఏడు ఆటల్లో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు. 37 ఏళ్ల డోటెల్‌కు అదే మొదటి టైటిల్.

2012లో డెట్రాయిట్ చేరడంతో 13 జట్లయ్యాయి. అంతకుముందు 12తో ముగ్గురు సమంగా ఉన్నారు. 2013 మార్చిలో స్వదేశం తరఫున వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ టోర్నీలో డొమినికన్ జట్టు ఒక్క ఆటా ఓడలేదు. అదే ఏడాది మోచేయి మళ్లీ మొరాయించింది. మొత్తం 758 ఆటలు, 951 ఇన్నింగ్‌లు, 1,143 స్ట్రైకౌట్లు, 109 సేవ్‌లు. ఇన్నింగ్‌కు ఒకటి కన్నా ఎక్కువ స్ట్రైకౌట్లు పడ్డాయంటే, ప్రతి జూలైలో ఆయన కోసం ఫోన్లు ఎందుకు మోగేవో తెలుస్తుంది.

13 జట్ల రికార్డును 2019లో టొరంటో తరఫున బరిలోకి దిగిన ఎడ్విన్ జాక్సన్ దాటాడు. ఆయనకది 14వ జట్టు. 2011లో డోటెల్‌తో పాటు అదే మార్పిడిలో సెయింట్ లూయిస్ వెళ్లిందీ ఈ జాక్సనే. ఆ రోజు చికాగో నుంచి టొరంటోకు, టొరంటో నుంచి సెయింట్ లూయిస్‌కు కాగితాల మీదే మారాడు. ఎనిమిదేళ్ల తర్వాత గాని టొరంటో చొక్కా వేసుకుని బంతి వేయలేదు.