లక్క బరిణె

తెలుగువారి వంటయింట పోపుదినుసులకు ప్రత్యేకస్థానము కలదు. ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, ఏలకులు, లవంగములు స్వల్పముగా వాడబడునవే యైనను, వాని సువాసన పోకుండ, చెమ్మ తగులకుండ, చీమలు చేరకుండ కాపాడుకొనవలసి యుండును. ఉక్కు డబ్బాలును, ప్లాస్టిక్ సీసాలును రాకపూర్వము ఈ పనిని పెక్కు ఇండ్లలో కొయ్యపెట్టెలు నిర్వహించుచుండెను. అరలుగల పోపులపెట్టెను వడ్రంగి చేసెడివాడు; గుండ్రని చిన్న బరిణె తరిణెపై తయారగుచుండెను. అట్టి బరిణెలకు లక్కపూత పెట్టుటలో పేరుపొందిన గ్రామము ఏటికొప్పాక.

ఈ గ్రామము వరాహనదీ తీరమున నున్నది. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదైన ఏటికొప్పాక 2022వ సంవత్సరమున అనకాపల్లి జిల్లాలో చేరినది. ఇచ్చటి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. బొమ్మలు చేయు చేతులే బరిణెలను, గిన్నెలను, కుంకుమ భరిణలను గూడ చేయుచున్నవి.

బరిణెకు వలసిన మొదటి వస్తువు అంకుడు కఱ్ఱ. ఇది తెల్లనిది, మెత్తనిది. దీని పోగులు సన్నముగను ఒత్తుగను ఉండును. కనుక ఉలి తగిలినచో పెళ్లలుగా లేవక నునుపుగా తెగును. అయితే కోసిన కొమ్మను వెంటనే పనికి పెట్టరాదు. పచ్చికఱ్ఱలో నీరుండును. ఆ నీరు ఆరినకొలది కఱ్ఱ అడ్డముగా ఎక్కువగను, నిడివిన మిక్కిలి తక్కువగను కుదించుకొనును. పచ్చికఱ్ఱతో చేసిన బరిణె మొదట చక్కని వృత్తముగా నున్నను, కొన్నాళ్లకు కోలగా మారును. అప్పుడు మూత పట్టదు. కొన్నిటికి పగుళ్లును ఏర్పడును. కావున పనివారు కఱ్ఱను నీడలో కొన్ని నెలలు ఆరనిత్తురు. బరిణె మన్నిక యంతయు ఈ ఓర్పుపైననే ఆధారపడియున్నది.

ఆరిన కఱ్ఱను తగిన కొలతకు కోసి తరిణెకు బిగింతురు. పూర్వము ఒకరు త్రాటిని లాగి తరిణెను త్రిప్పుచుండగా మఱియొకరు ఉలి పట్టెడివారు. నేడు పెక్కుచోట్ల విద్యుత్తే ఆ పని చేయుచున్నది. తిరుగుచున్న కఱ్ఱకు ఉలి ఆనించి మొదట వెలుపలి ఆకారమును తీర్చి, పిమ్మట లోపల తొలుతురు. మూతను వేఱుగా చేసి, పలుమాఱులు పెట్టి చూచుచు అంచును కొంచెము కొంచెముగా సరిచేయుదురు. మూత బిగువు మితిమీరినచో వర్షకాలమున కఱ్ఱ ఉబ్బి ఊడిరాదు. వదులైనచో దినుసుల వాసన నిలువదు. ఈ రెంటికిని నడుమనున్న కొలతను పనివాని వ్రేళ్లే ఎఱుగును. తుదకు గరుకుకాగితముతో రుద్ది నునుపు చేయుదురు.

ఇక లక్క. ఇది చెట్టుబంక కాదు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై గుంపులుగా నివసించు సూక్ష్మమైన పురుగులు చెట్టురసమును పీల్చి, తమ రక్షణకై తమ చుట్టును స్రవించు పదార్థము. కొమ్మలనుండి దీనిని గీకి, దంచి, కడిగి, కరగించి శుద్ధిచేయుదురు. నిప్పులపై మెత్తబఱచిన లక్కకు రంగు కలిపి, సాగదీయుచు, మడచుచు, ఆ రంగు అంతటను సమముగా పట్టువఱకు పిసికి కడ్డీలుగా చేయుదురు.

పూతవేయు విధానము వింతైనది. దీనికి కుంచెతో పనిలేదు, పొయ్యితో పనిలేదు. వేగముగా తిరుగుచున్న బరిణెకు లక్కకడ్డీని అదిమి పట్టుదురు. ఒరపిడివలన వేడిమి పుట్టును. ఆ వేడిమికి లక్క కరగి కఱ్ఱకు అంటుకొనును. పిమ్మట మొగలి ఆకును దానిపై ఒత్తి పట్టగా లక్క సమముగా పరచుకొని అద్దమువలె మెఱయును. చల్లారగానే గట్టిపడును. ఒక రంగుప్రక్క మఱియొక రంగు కడ్డీని ఆనించినచో అందమైన పట్టెలేర్పడును.

ఈ రంగుల విషయమున గమనింపదగిన చరిత్ర యొకటి కలదు. చౌకగా దొరకు రసాయనిక వర్ణములు రాగా, పూర్వపు సహజవర్ణములు మూలబడినవి. కాని అట్టి వర్ణములలో కొన్నిటియందు సీసమువంటి విషలోహములు ఉండును. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. బొమ్మ పసివాని నోటికి పోవును. బరిణెలోని వస్తువు అందఱి భోజనములో చేరును. కావున ఇది కేవలము అందమునకు సంబంధించిన ప్రశ్న కాదు. ఏటికొప్పాకకు చెందిన సి. వి. రాజు పనివారితో కలసి మొక్కలనుండి లభించు రంగులను లక్కకు పట్టించు పద్ధతులను మరల వాడుకలోనికి తెచ్చిరి. పసుపుకొమ్మునుండి పసుపుపచ్చ, జాఫ్రాగింజలనుండి నారింజవన్నె, నీలిమొక్కనుండి నీలము లభించును. ఈ కృషికి 2023లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది.

లక్కబరిణెకు నీటికంటె వేడిమి పెద్ద శత్రువు. కాగుచున్న నీటికంటె తక్కువ వేడిమికే లక్క మెత్తబడును. మంటకు సులభముగా అంటుకొనును. పాండవులకై కౌరవులు లక్కయిల్లు కట్టించుటలోని దురాలోచన ఇదియే. కావున బరిణెను పొయ్యికి దూరముగా నుంచవలెను. నీట నాననీయక పొడిగుడ్డతో తుడువవలెను.

ఈ చేతిపనికి మూలము అడవి. అంకుడు చెట్టును మొదలంట పెఱికివేయక కొమ్మలను మాత్రము కోసినచో అది మరల చిగిర్చును. చెట్టు నిలిచిననాళ్లు తరిణె తిరుగును. తరిణె తిరిగిననాళ్లు పనివాని యింట పొయ్యి వెలుగును. అరచేతిలో ఇమిడిపోవు ఆ చిన్న బరిణెలో చెట్టు, పురుగు, మొక్క, మనుష్యుని ఓర్పు నాలుగును కలసియున్నవి.