మోటారు కాలింది.. తప్పు మోటారుది కాదు, వైరుది!



పోయిన వేసవిలో నా ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు రెండుసార్లు కాలిపోయింది. నీటికుంట నుంచి నీళ్లు, వాటితోపాటు వడకట్టిన జీవామృతం కూరగాయల మడులకు పంపేది ఆ మోటారే. వైండింగ్ చేయించి తెచ్చేలోపు, ఆచ్ఛాదన ఉన్న మడులు తట్టుకున్నాయి గానీ కొత్తగా నాటిన వంగ నారు సగం ఎండిపోయింది.

మెకానిక్ షెడ్డులో స్టార్టర్ దగ్గర మీటరు పెట్టి, "230 వోల్టులు ఉందండీ, మోటారే నాసిరకం" అన్నాడు. నేనూ నమ్మాను. మూడోసారి బిగించేటప్పుడు ఐటీఐ చదివే మా తమ్ముడి కొడుకు అడిగాడు: "పెదనాన్నా, మోటారు తిరుగుతున్నప్పుడు దాని దగ్గర వోల్టేజి చూశావా?"

చూడలేదు. అసలు కిటుకు అక్కడే ఉంది.

మేము కొలిచింది ఇదీ

షెడ్డు నుంచి మోటారుకు 200 మీటర్లు. నేను లాగింది ఒకటిన్నర ఎంఎం రాగి వైరు. మోటారు ఆగి ఉంటే రెండు చోట్లా 230 వోల్టులే చూపించింది. మోటారు ఆన్ చేశాక షెడ్డులో 230, మోటారు దగ్గర 190. టాంగ్ టెస్టర్‌తో చూస్తే కరెంటు 8 ఆంపియర్లు. (టెస్టర్‌ను ఒక్క తీగకే తగిలించాలి, రెండూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది.)

ఇక లెక్క:

దారిలో తగ్గిన వోల్టేజి: 230 – 190 = 40 వోల్టులు
వైరు నిరోధం = వోల్టేజి ÷ కరెంటు: 40 ÷ 8 = 5 ఓమ్‌లు
వైరులో వృథా పవర్ = వోల్టేజి × కరెంటు: 40 × 8 = 320 వాట్లు

అంటే నాలుగు గంటలు నడిస్తే ఒకటింబావు యూనిట్‌కు పైనే వైరును వేడి చేయడానికే పోతోంది! అటు మోటారేమో తక్కువ వోల్టేజితో అదే పని చేయాలని ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలుతుంది.

పోయే తీగ, వచ్చే తీగ కలిపి 400 మీటర్లని మర్చిపోకండి. ఒకటిన్నర ఎంఎం రాగి తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌లు. 400 మీటర్లకు 4.8. మా లెక్కకు దగ్గరగా సరిపోయింది.

నాలుగు ఎంఎం వైరు మార్చాక మోటారు దగ్గర 217 వోల్టులు వచ్చింది, కరెంటు 7 ఆంపియర్లకు తగ్గింది. ఇప్పుడు వృథా 13 × 7 = 91 వాట్లే. ఆ తర్వాత మోటారు మళ్లీ కాలలేదు.

రెండు జాగ్రత్తలు

ఈ భాగించే లెక్క వైరుకు, హీటరుకు సరిపోతుంది. మోటారు వోల్టేజిని కరెంటుతో భాగిస్తే మాత్రం వైండింగ్ నిరోధం రాదు. మోటారు వాడే అసలు పవర్ కావాలంటే వోల్టేజి, కరెంటులతోపాటు పవర్ ఫ్యాక్టర్‌తో కూడా గుణించాలి.

రెండోది, తడి కాళ్లతో, తడి చేతులతో మీటరు పట్టకండి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే కొలిపించండి. కానీ దగ్గరుండి, మోటారు తిరుగుతుండగా రెండు చోట్లా కొలవమనండి.

మీటరు ఎక్కడ, ఎలా పెట్టామో పై వీడియోలో చూపించాను. మోటారును తిట్టే ముందు ఒక్కసారి మీ వైరును కొలిచి చూడండి.