గ్రామాల్లో హెపటైటిస్-బి పై అవగాహన కల్పించడం

మన పల్లెల్లో కాలేయ జబ్బు అనగానే పచ్చకామెర్లు, పసరు మందు గుర్తుకు వస్తాయి. హెపటైటిస్-బి వైరస్ సోకిన చాలామందికి కళ్లు పచ్చబడవు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకుండానే కొందరిలో కాలేయం గట్టిపడుతుంది, క్యాన్సర్ కూడా రావచ్చు. కామెర్లు వచ్చి వాటంతటవే తగ్గితే పేరు పసరుకు వస్తుంది. వైరస్ మాత్రం ఒంట్లో మిగిలిపోవచ్చు. కాబట్టి మీరు ముందుగా చెప్పవలసింది: రక్తపరీక్షతోనే ఇది తెలుస్తుంది.

వ్యాప్తి: ఇది రక్తం, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. కలిసి భోజనం చేస్తే సోకదు. ఈ సంగతి చెప్పకపోతే, వెలివేస్తారన్న భయంతో ఎవరూ పరీక్షకు రారు.

నివారణ: పుట్టినప్పుడు సోకిన శిశువుల్లో సుమారు 90 శాతం మందికి, పెద్దల్లో 5 శాతం లోపు మందికి జబ్బు దీర్ఘకాలికమవుతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపు తొలి టీకా, ఆపై 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకా వేయించాలి. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయ టీకా తేవడంతో ధర బాగా తగ్గింది. నేడు ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేస్తోంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు కూడా ఉచితమే.

ఉదాహరణ: తిరువూరు ప్రాంతంలోని ఎ.కొండూరు తండాల్లో మూత్రపిండాల వ్యాధి ఎక్కువ. డయాలసిస్‌లో రక్తం ద్వారా ఈ వైరస్ సోకే ప్రమాదం ఉంది. అందువల్ల అక్కడి రోగులకు డయాలసిస్ మొదలుకాకముందే పరీక్ష, టీకా అవసరమని చెప్పాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: "పసరు మింగితే చాలు" అనే పెద్దాయనకు మూడు వాక్యాల్లో ఏమని నచ్చజెబుతారు?