పొటాష్‌కు ఒకటి, అమ్మోనియంకు రెండు: ఎందుకు?

దమ్మపేట ఆయిల్‌పామ్ తోటలకు వేసే పొటాష్ ఎరువు పొటాషియం క్లోరైడే. పొటాషియం ఒక ఎలక్ట్రాన్ వదిలి +1, క్లోరిన్ దాన్ని అందుకుని −1 అవుతాయి. ఆవేశాలు చెల్లుకు చెల్లు, ఫార్ములా కేసీఎల్.

ముదురాకులు పసుపుబారితే వేసే మెగ్నీషియం సల్ఫేట్‌లో +2కి −2 జత. అక్కడా ఒకటికి ఒకటే: ఎంజీఎస్‌ఓ4. ఆ 4 మాత్రం ఆవేశాల లెక్క కాదు, సల్ఫేట్ అయాన్‌లోని ఆక్సిజన్ పరమాణువుల సంఖ్య. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అసలు చిక్కు అమ్మోనియం సల్ఫేట్‌ది. అమ్మోనియం +1, సల్ఫేట్ −2. మొత్తం సున్నా కావాలంటే అమ్మోనియం అయాన్లు రెండు ఉండాలి. అందుకే సల్ఫేట్ సంయోజకత 2ను అమ్మోనియం కింద, అమ్మోనియం సంయోజకత 1ని సల్ఫేట్ కింద వేస్తారు; 1ని పైకి రాయరు. వచ్చేది (ఎన్‌హెచ్4)2ఎస్‌ఓ4. బ్రాకెట్ మరిస్తే 4 పక్కన 2 చేరి హైడ్రోజన్లు ఏకంగా 42 అయిపోతాయి!