ఉచిత ప్రేమకి గంటకి ఎన్ని వజ్రాలు?

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతామని మన మీద మనమే వేసుకునే జోకు ఒకటుంది కదా! ఫోన్లలో దొరికే "ఉచిత" ఆటలు ఆ జోకునే వ్యాపారంగా మార్చుకున్నాయి. అందులోనూ ఐడిల్ డేటింగ్ గేమ్స్ అనే రకం మరీ విచిత్రమైనది. అమ్మాయినో అబ్బాయినో ఎంచుకోవడం, కానుకలివ్వడం, మనసు గెలుచుకోవడం అన్నీ ఉంటాయి. ఆడటం మాత్రం పెద్దగా ఉండదు, ఎదురుచూడటమే ఆట! ఎంతసేపు ఎదురుచూడాలి, అది తగ్గాలంటే ఎంత కట్టాలి అన్నది తయారుచేసినవాళ్ళు ముందే లెక్కగట్టి పెడతారు. ఆ లెక్కేమిటో కాస్త విప్పి చూద్దాం.

ఎదురుచూపుల ఆట

తనంతట తానే నడిచే ఆటలు కొత్తవేం కావు. 2002లో ప్రోగ్రెస్ క్వెస్ట్ అనే ఆట వేళాకోళంగా వచ్చింది. అందులో ఆటగాడు చేసే పనే లేదు, చూస్తూ కూర్చోవడమే. 2013లో జూలియన్ తియెనో అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ రాసిన కుకీ క్లికర్‌తో ఈ రకానికి బాగా పేరొచ్చింది. దీనికి ప్రేమకథని జోడించిన వాటిలో బాగా తెలిసినది క్రష్ క్రష్. కెనడాకి చెందిన శాడ్ పాండా స్టూడియోస్ దీన్ని 2016లో స్టీమ్‌లో ఉచితంగా విడుదల చేసింది.

ఇందులో మీ దగ్గర కొన్ని "టైమ్ బ్లాకులు" ఉంటాయి. వాటిని ఉద్యోగాలకీ, హాబీలకీ పంచాలి. ఉద్యోగం డబ్బు తెస్తుంది, హాబీ గుణగణాలు పెంచుతుంది. ఒక్కో అమ్మాయి ఇన్ని కానుకలు, ఇంత తెలివి, ఇన్ని డేట్లు అని అడుగుతుంది. అవి తీరిస్తే బంధం ఒక మెట్టు ఎక్కుతుంది. మొదటి మెట్లకి నిమిషాలు చాలు. తర్వాత గంటలు, ఆ తర్వాత రోజులు! ఆగలేనివాళ్ళ కోసం వజ్రాలున్నాయి. ఆడుతూ కొన్ని సంపాదించుకోవచ్చు, మిగతావి డాలర్లు పెట్టి కొనుక్కోవాలి.

ఇలాంటి ఆటలు ఫోను జేబులో ఉన్నా, యాప్ మూసేసినా ముందుకి సాగుతూనే ఉంటాయి. నిజానికి అప్పుడు ఏదీ నడవదు. మీరు మూసిన సమయాన్ని ఆట రాసుకుంటుంది. మళ్ళీ తెరిచినప్పుడు ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేసి, గంటకి ఇంత చొప్పున గుణించి మీ ఖాతాలో వేస్తుంది. ఒక తీసివేత, ఒక హెచ్చవేత, అంతే. బిర్యానీ దమ్ము మీద ఉండాలంటే నిజంగానే సమయం పడుతుంది. ఇక్కడ దమ్మూ లేదు, బిర్యానీ లేదు. ఎనిమిది గంటలు ఆగమన్నా, ఎనిమిది సెకన్లు ఆగమన్నా కంపెనీకి ఖర్చు ఒక్కటే. అది ఒక పట్టికలోని అంకె.

ఆశ లావు, పీక సన్నం

మరి మొదట్లో పరుగెత్తే ఆట తర్వాత ఎందుకు నత్తనడక నడుస్తుంది? కుకీ క్లికర్ లెక్కే చూడండి. అందులో మొదటి కర్సర్ ధర 15 కుకీలు. ఒకటి కొన్న ప్రతిసారీ ధర 15 శాతం పెరుగుతుంది. వినడానికి చిన్నదే. పది కొనేసరికి ధర నాలుగు రెట్లు. యాభై కొంటే వెయ్యి రెట్లు పైమాటే. వంద కొన్నాక, తర్వాతిదాని ధర దాదాపు కోటీ డెబ్భై ఆరు లక్షల కుకీలు! కొన్న కర్సరు మాత్రం ఎప్పటిలాగే తన వంతు కూలి చేస్తుంది. ఖర్చు చక్రవడ్డీలా, సంపాదన బారువడ్డీలా పెరిగితే ఏమవుతుందో అప్పు చేసిన ఏ రైతుని అడిగినా చెబుతాడు. మధ్యమధ్య వచ్చే బూస్టులు ఆ అంతరాన్ని కాసేపు కప్పుతాయి.

ఆట మరీ మందగించాక "రీసెట్" అంటుంది. వైకుంఠపాళిలో మనంతట మనమే పాము నోట్లోకి దూరి మొదటి గడికి వస్తే, ఈసారికి పాచికలు రెండిస్తామన్నట్టు. ప్రగతి పోతుంది, వేగం పెరుగుతుంది. ఆ వేగంతో పాత చోటికి చకచకా చేరి, ఇంకాస్త ముందు మళ్ళీ గోడకి తగులుతాం.

దాదాపు అయిపోయింది కదా!

డబ్బు అడిగేది మొదట్లో కాదు. పట్టీ తొంభై శాతం నిండాక అడిగితే కాదనడం కష్టం. దీని వెనక మనస్తత్వశాస్త్రం ఉంది. 2006లో న్యూన్స్, డ్రేజ్ అనే పరిశోధకులు ఒక కార్ వాష్‌లో స్టాంపు కార్డులు పంచారు. కొందరికి 8 స్టాంపుల కార్డు. మిగతావారికి 10 స్టాంపుల కార్డు, కాని 2 ముందే వేసి ఇచ్చారు. ఇద్దరూ కడిగించుకోవాల్సింది ఎనిమిదిసార్లే. మొదటివారిలో 19 శాతం మంది కార్డు నింపితే, రెండోవారిలో 34 శాతం మంది నింపారు. ముందే మొదలైందనిపిస్తే వదల్లేం.

ఇక వజ్రాల సంగతి. డాలరుని వజ్రంగా మార్చగానే అది డబ్బని మరిచిపోతాం. ఉదాహరణకి వజ్రాలు వంద చొప్పున అమ్మి, వస్తువు ధర 80 పెట్టారనుకోండి. మిగిలిన 20 ఊరికే పోతాయేమోనని ఇంకో వంద కొంటాం.

ఆడేవాళ్ళలో చాలామంది ఒక్క సెంటు కూడా పెట్టరు. రాబడిలో పెద్ద వాటా కొద్దిమంది నుంచే వస్తుంది. వాళ్ళకి ఈ పరిశ్రమలో పేరు "తిమింగలాలు". జూదశాలల నుంచి అరువు తెచ్చుకున్న మాట అది!

నెమ్మది తప్పు కాదు

2016లోనే వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీ చూడండి. అందులోనూ కానుకలిచ్చి హృదయాలు నింపి పెళ్ళి చేసుకోవచ్చు. ఒకరికి వారానికి రెండే కానుకలన్న నియమమూ ఉంది. కాని ఆట ఒకసారి కొంటే సరి. అక్కడి రోజు మన గడియారంలో పావుగంటలోపే. తొందరుంటే నిద్రపోయి తెల్లవారేలా చేసుకోవచ్చు. అక్కడ నెమ్మదితనం రుచి కోసం పెట్టినది. ఇక్కడిది అమ్మడానికి పెట్టినది.

పెళ్ళి సంబంధాల సైట్లు మనకి తెలియనివా? ఫొటో ఉచితం, ఫోన్ నంబరు కావాలంటే సభ్యత్వం కట్టాలి. అయితే అక్కడ తలుపుకి అవతల ఒక మనిషైనా ఉంటుంది.

ఏం చేయాలి?

చట్టం కొంతవరకు కదిలింది. పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా చేసిన కొనుగోళ్ళ విషయంలో 2014లో ఆపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు తిరిగివ్వడానికి అమెరికా ఎఫ్‌టీసీతో ఒప్పుకుంది. 2025 జనవరిలో గెన్షిన్ ఇంపాక్ట్ ఆట సంస్థ 2 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. అక్కడ వచ్చిన అభ్యంతరాల్లో, రకరకాల నాణేల మాటున అసలు ఖర్చు కనబడకుండా చేశారన్నదీ ఒకటి. పెద్దవాళ్ళ జేబుకి మాత్రం పెద్దవాళ్ళే కాపలా.

ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ సెట్టింగులలో ఇన్-యాప్ కొనుగోళ్ళు ఆపేయవచ్చు. గూగుల్ ప్లేలో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. "ఆమె నీకోసం ఎదురుచూస్తోంది" అనే నోటిఫికేషన్లు తీసేయండి. కొనాలనిపిస్తే వజ్రాలని డాలర్లలోకి, ఆదా అయ్యే గంటలని లెక్కలోకి మార్చి చూడండి. ఆ గంటల్లో మీరు ఎలాగూ నిద్రపోతుంటే, కొంటున్నదేమిటి?

కొత్త ఊరు, కొత్త ప్రాజెక్టు, వారాంతంలో పలకరించే దిక్కులేని చలికాలం... మనలో చాలామందికి అనుభవమే. అప్పుడు తెర మీద ఒకరు నవ్వుతూ పేరు పెట్టి పిలిస్తే బాగానే ఉంటుంది. సరదాకి ఆడుకుంటే తప్పేం లేదు. మీ స్నేహితుడెవరైనా నెలనెలా అందులో డబ్బు పోస్తున్నట్టు తెలిస్తే మాత్రం క్లాసు పీకకండి. భోజనానికి పిలవండి.