జూలై 4 — ఇద్దరు మిత్రులు

అమెరికావారికి జూలై 4 పెద్ద పండుగ. నిజానికి స్వాతంత్ర్య తీర్మానం నెగ్గింది 1776 జూలై 2న. ఏటా ఆ రోజునే ఉత్సవాలు జరుగుతాయని జాన్ ఆడమ్స్ భార్యకు జాబు కూడా రాశాడు, పాపం! ప్రకటన పత్రం ఆమోదం పొందిన 4వ తేదీయే ఖాయమైంది.

ఆ పత్రం రాసిన జెఫర్సన్‌కూ ఆడమ్స్‌కూ తరువాత రాజకీయాల్లో చెడింది. ఏళ్ళ తరబడి మాటల్లేవు. 1812లో ఆడమ్సే ముందుగా ఉత్తరం రాశాడు. స్నేహం మళ్ళీ చిగిర్చింది, ఉత్తరాల మీదనే.

చిత్రమేమంటే, సరిగ్గా 50 ఏళ్ళకు, 1826 జూలై 4 మధ్యాహ్నం జెఫర్సన్ వర్జీనియాలో కన్నుమూశాడు. అదే సాయంకాలం మసాచుసెట్స్‌లో ఆడమ్స్, “జెఫర్సన్ ఇంకా ఉన్నాడు” అంటూ పోయాడట. తంతి లేని కాలం, ఆయనకెలా తెలుస్తుంది?

మానవులంతా సమానులన్న జెఫర్సన్ అప్పులు మిగిల్చి పోయాడు. అవి తీర్చేందుకు మరుసటి జనవరిలో ఆయన ఎస్టేటులోని 130 మంది బానిసలను వేలానికి పెట్టారు.